పది గంటల పద్నాలుగు నిమిషాలకు

“మూడో బురుజు కాడ దొంగ గోడల ఇరుక్కుంటుండు సార్. బయటికొస్తలేడు. జర పదిహేను దినాలు ఆగుండ్రి,” అంది సరిత.

హైటెక్ సిటీలో తొమ్మిదో అంతస్తు. ఆట పేరు ‘కోట దొంగ’. మూడేళ్లుగా సరిత రెక్కలు ముక్కలు చేసుకుని తయారు చేసిన వీడియో గేమ్. కంపెనీ యజమాని సీతారామాంజనేయులు పట్టుపంచె కట్టుకొచ్చి లాప్‌టాప్‌కి బొట్టు పెడుతున్నాడు. తలెత్తి చూడలేదు.

“ఇరుక్కుంటే ఇరుక్కోనీవమ్మా. పది గంటల పద్నాలుగు నిమిషాలకి ఆట విడుదలకి ముహూర్తం. చందానగర్ సిద్ధాంతిగారు పెట్టారు.”

“ఆడేటోళ్లు తిడ్తరు సార్. ఒక్కసారి పేరు చెడితే మళ్ల ఎవ్వడు ముట్టడు.”

“నీకు వ్యాపారం తెలీదు. ముందు వదిలేద్దాం, తర్వాత సరిచేద్దాం!”

ఈ మాట ఆయన రోజుకు పదిసార్లు అంటాడు, సర్వరోగాలకూ తానే కనిపెట్టిన మందులాగా.

సరిగ్గా పది గంటల పద్నాలుగు నిమిషాలకు కొబ్బరికాయ కొట్టి బటన్ నొక్కాడు. కాయ నీళ్లు కీబోర్డు మీద చిందాయి. “శుభం,” అన్నాడు.

సాయంత్రానికల్లా ఒక్క స్టార్ రేటింగులు గుట్టలు పడ్డాయి. గోడలోంచి కాళ్లు మాత్రం బయటపెట్టి తన్నుకుంటున్న దొంగ ఊరూరా ఫోన్లలో తిరిగాడు. ‘దొంగ కోటలో లేడు, కంపెనీలో ఉన్నాడు’ అని ఒకడు రాశాడు. ఆట చేసినవాళ్లలో మొదటి పేరు సరితదే గనక తిట్లన్నీ ఆమె ఖాతాలోనే పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే సీతారామాంజనేయులు అందర్నీ పిలిచాడు.

“ముహూర్తం రాయిలాంటిది. లోపమంతా చేసిన చేతుల్లో ఉంది. సరితా, రాజీనామా రాసిచ్చెయ్.”

“నేను వద్దన్న గద సార్?”

“గట్టిగా చెప్పొద్దూ?”

సరిత అతని వంక చూసింది. చెప్పులో దిగిన ముల్లుని చూసినట్టు చూసి, కాగితం ముందుకు లాక్కుంది.

“బాగుచేసిన ఆట వదలడానికి ఇంకో ముహూర్తం పెట్టిద్దాం. ఆయన మాటంటే ఏంటో మీరూ వినండి,” అంటూ సీతారామాంజనేయులు సిద్ధాంతి రామబ్రహ్మానికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

“అయ్యో, నేనే చేద్దామనుకుంటున్నానండి,” అన్నాడు సిద్ధాంతి. “నిన్నటి ముహూర్తం కాస్త తేడా పడిందండి. చేతికి నిరుటి పంచాంగం వచ్చింది. నిన్న ఆ వేళకి అసలు వర్జ్యం.”

సీతారామాంజనేయులు నుదుటి బొట్టు చెమటకి ముక్కు మీదకు కారింది. సరిత కలం ఆగింది.

“చూసుకోవద్దుటండీ?” అని అరిచాడు.

“రెండు నిమిషాల్లో చెప్పమని పీకల మీద కూర్చున్నది మీరే కదండీ! అందుకే ముందు వదిలేశాను, తర్వాత సరిచేద్దామని.”