చేబదులు

ఇల్లు అద్దెకు కుదిరినా తలుపు తెరుచుకోలేదు. మనుషుల్ని తలుపులే తూచే కాలం అది.

"మీరు అప్పు తీసుకుని తీర్చిన దాఖలా లేదు. ఎలా నమ్మను?" అంది తలుపు.

చెంచులక్ష్మికి ఒళ్లు మండింది. "ఏం కొన్నా డెబిట్ కార్డుతో అప్పటికప్పుడే కట్టేశా. ఎవరికీ పైసా బాకీ లేను. అదా నా తప్పు?"

"బాకీ పడితేనే గదా, తీరుస్తారో లేదో తెలిసేది!"

ఆమె సామాను అక్కడే వదిలి ఎదురింటికి వెళ్లింది. "అక్కా, గ్లాసుడు చక్కెర చేబదులివ్వు."

ఎదురింటి హుసేన్‌బీ నవ్వుతూ ఇచ్చింది. చెంచులక్ష్మి వీధి కొట్లో చక్కెర కొని, అదే గ్లాసులో గోపురంలా పోసి, తలుపు చూస్తుండగానే తిరిగిచ్చింది.

"ఎక్కువిచ్చారు. వడ్డీ అని రాసుకోనా?" అడిగింది తలుపు.

"చేబదులుకి వడ్డీ ఏంది? మర్యాద అని రాసుకో."

"ఆ గడి నా దగ్గర లేదు."

"అయితే గీసుకో. ఈలోపు కాఫీపొడి అడిగొస్తా," అంటూ ఆమె పై అంతస్తు మెట్లెక్కింది.