నారింజ సబ్బు

మేనేజరమ్మకి సబ్బుల పిచ్చి పట్టుకుంది. పాప పుట్టినరోజుకి వచ్చినవాళ్ళందరికీ తన చేత్తో చేసిన సబ్బులే కానుకగా ఇస్తానని భీష్మించుకు కూర్చుంది.

చేయడమంటే అదేం బ్రహ్మవిద్య కాదు. బజారులో సబ్బు దిమ్మ దొరుకుతుంది. దాన్ని ముక్కలు కోసి, వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, రంగూ వాసనా కలిపి అచ్చుల్లో పోస్తే మళ్ళీ సబ్బవుతుంది. సబ్బుని సబ్బు చేయడానికి ఆవిడ ఇల్లంతా తలకిందులు చేసింది. పొయ్యి మీద కూర లేదు, సబ్బుంది. ఫ్రిజ్‌లో పాలగిన్నెకి చోటు లేదు, సబ్బుకుంది. గులాబీల ఆకారంలో ఉండే రబ్బరు అచ్చుల పళ్ళేలు రెండు కొని, ఒకదాంట్లో నారింజ రంగు సబ్బు పోసింది. ముందురోజుదాకా సబ్బులు పోసి చూసుకున్న రెండోదాంట్లో, పాప మర్నాడు స్కూలుకి పట్టుకెళ్ళడానికి అదే రంగు జెల్లీ పోసింది. అత్తగారు ముక్కు మూసుకుంటే, సబ్బు పోసిన అచ్చు కంటే శుభ్రమైనది ఇంకేముంటుందని ఎదురు ప్రశ్న వేసింది.

మొగుడికీ పాపం తప్పలేదు. గాలి తగిలితే ఆ సబ్బులకి చెమట పడుతుందట. సాయంత్రం ఆవిడ ముస్తాబవుతుంటే, వాటిని పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, పెట్టెల్లో సర్ది, రిబ్బన్లు కట్టే పని ఆయన మీద పడింది. ఫ్యాక్టరీలో అంతమంది చేత పని చేయించే మనిషి, ఇంట్లో దొరికిన ఒక్కణ్ణి వదులుతుందా?

ఫ్యాక్టరీ అంటే చంటిపిల్లల పాలసీసాలు చేసేది. తనిఖీలో బాగున్నాయని రాసి పంపిన సీసాలు ఈమధ్య కారుతున్నాయని వెనక్కొచ్చాయి. తనిఖీ విభాగం అధిపతి ఉద్యోగం పోయి ఇంటికెళ్ళిపోయాడు. ఆ కుర్చీ మీద ముగ్గురి కన్ను పడింది. అది ఎవరికన్నది తేల్చేది మేనేజరమ్మ. కాబట్టి పుట్టినరోజు పాప కంటే ముందే ఆ ముగ్గురూ తయారై వచ్చేశారు.

ఒకాయన తలూపుడు. ఎవరేమన్నా నిలువుగా తలూపుతాడు. అందరికంటే సీనియర్ కాబట్టి కుర్చీ తనదేనని ఇంట్లో ఎప్పుడో చెప్పేశాడు. ఇంకొకడు చిలక. వాడి పలుకుల్లో పంచదార తప్ప ఇంకేమీ ఉండదు. మూడోది కాకరకాయ. మిషన్ల దగ్గర నిలబడి నిలబడి ఆమె పిక్కల్లో నరాలు ఉబ్బిపోయాయి. ఆ కుర్చీ అవసరం నిజంగా ఉన్నది ఆమెకే. కానీ నోరు తెరిస్తే చేదు.

కేకు కోశాక మేనేజరమ్మ సబ్బు మీద ఉపన్యాసం ఇచ్చింది. తేనె వేసిందట, పాలు పోసిందట, నారింజ నూనె చుక్కలు లెక్కపెట్టి కలిపిందట. పిల్లలు ఆవలించారు. పెద్దలు చప్పట్లు కొట్టారు. తలా ఒక పెట్టె పుచ్చుకుని ఇళ్ళకి వెళ్ళారు.

మర్నాడు ఆఫీసులో ఆవిడ కాగితాలన్నీ పక్కన పెట్టి, ముగ్గురినీ ఒక్కొక్కరిగా గదిలోకి పిలిచింది. సీసాల గురించి అనుకునేరు. సబ్బు గురించి.

చిలక పొద్దున్నే ఇంటిల్లిపాదీ దాంతోనే స్నానం చేశామన్నాడు.

“నురుగు వచ్చిందా?” అని అడిగింది ఆవిడ.

“నురుగా మేడం? అందులో బకెట్ కనపడలేదండీ.”

అంతటితో ఊరుకుందా? వాసన ఎంతసేపు ఉంది, ఒళ్ళు మెత్తబడిందా, పిల్లలేమన్నారు అంటూ తవ్వి తవ్వి చెప్పించుకుంది. పొగడ్తకి అంత మొహం వాచిన మనిషిని ఆ ఆఫీసు గోడలు కూడా చూసి ఉండవు.

తలూపుడు ఇంకో మెట్టు ఎక్కాడు. వాళ్ళావిడ మోచేతి మీద ఏళ్ళ తరబడి ఉన్న గజ్జి ఒక్క పూటకే తగ్గుముఖం పట్టిందన్నాడు. మేనేజరమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని మరీ వింది. ఆ మాట ఇంకోసారి చెప్పమంది. ఆయన తలూపి ఇంకోసారి చెప్పాడు.

ఆఖరికి కాకరకాయ వచ్చింది. గుమ్మం బయట మిగతా ఇద్దరూ చెవులు రిక్కించుకుని నిలబడ్డారు.

“మీరేమీ అనుకోకపోతే చెప్తానండీ. నురుగు చుక్క కూడా రాలేదు. ఒళ్ళంతా ఒకటే జిగురు. మళ్ళీ మామూలు సబ్బుతో రుద్దుకుంటే గానీ వదల్లేదు. తేనె ఎక్కువైనట్టుంది. దయచేసి ఇంకెవరికీ ఇవ్వకండి.”

మేనేజరమ్మ మొహంలో నవ్వు పోయింది. సరే వెళ్ళమంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్నారా? కాకరకాయ ఉబ్బిన కాళ్ళీడ్చుకుంటూ మళ్ళీ మిషన్ దగ్గరికి పోయింది. చిలక జాలి నటించాడు. తలూపుడు భార్యకి ఫోన్ చేసి, ఇక మనదేనన్నాడు. గజ్జి సంగతి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా నేర్పాడు.

సాయంత్రం బోర్డు మీద ఉత్తర్వు అంటించారు. తనిఖీ విభాగం కుర్చీ కాకరకాయకి.

తలూపుడు నేరుగా మేనేజరమ్మ గదిలోకి వెళ్ళి తల అడ్డంగా ఊపాడు. ఆయన ఉద్యోగంలో చేరాక అలా ఊపడం అదే మొదలు.

“మీ చేతి సబ్బుని అంత మాట అన్న మనిషికా మేడం?”

ఆవిడ తన సంచీలోంచి నారింజ రంగు గులాబీ ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది.

“ఇదిగోండి మీ సబ్బు, నిన్న మా ఆయన పొరపాటున మీ అందరి పెట్టెల్లో సర్దింది పాప జెల్లీని.”