మూడో తలుపు

తెర మీద ఉండాల్సిన బటన్ లేదు.

బడి గ్రంథాలయం చూసుకునే బోర్గిల్డ్ కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ వెతికింది. లేదు గాక లేదు.

బడి హాల్లో తల్లిదండ్రులంతా వేడివేడి వాఫిల్స్ మీద జామ్ రాసుకుంటూ ఆమెనే చూస్తున్నారు.

"ఏమైందండీ, మీ వెబ్‌సైటు కూడా మంచులో కూరుకుపోయిందా?" అన్నారెవరో. అందరూ గొల్లుమన్నారు.

ఊరికి అప్పుడప్పుడే ఇంటర్నెట్ వచ్చిన రోజులవి. బడి గ్రంథాలయానికి వెబ్‌సైటు అంటే మాటలా! దానికి మూడు తలుపులు పెట్టారు. ఒకటి పిల్లలకి, ఒకటి టీచర్లకి, ఒకటి తల్లిదండ్రులకి. మొదటి రెండూ చక్కగా తెరుచుకున్నాయి. మూడోదాంట్లో 'మీ బిడ్డ ఏం చదువుతోంది?' అనే బటన్ ఉండాలి. నొక్కితే పిల్లలు తీసుకెళ్లిన పుస్తకాల పేర్లన్నీ కనిపించాలి. ఊరంతా కాచుకుని కూర్చున్నది దాని కోసమే.

బోర్గిల్డ్ చివరి వరుసవైపు చూసింది.

"ఎల్డార్! ఆ బటన్ ఏదీ?"

"తీసేశాను," అన్నాడు గడ్డం పెంచుకున్న ఎల్డార్, కాఫీ కప్పు కింద పెడుతూ.

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదు."

అతను ఇంకో మాటకి ఆగకుండా లేచి బయటికి నడిచాడు. బోర్గిల్డ్ వెనకాలే వెళ్లి వరండాలో నిలేసింది.

"చలికాలమంతా నా పక్కన కూర్చున్నావు. నా డబ్బాలో రొట్టె పంచుకు తిన్నావు. ఆఖరికి నలుగురిలో నా పరువు తీశావు. పాముకి పాలు పోసి పెంచానయ్యా!"

ఆమె కళ్లనిండా నీళ్లు. ఉండవూ మరి! ఉత్తరాది యాసతో, ఊరూ పేరూ తెలియని మనిషి వచ్చి, "వెబ్‌సైటు నేను చేసిపెడతానండీ" అంటే సొంత తమ్ముడిలా నమ్మింది. ఇద్దరికీ మాటా మాటా వచ్చింది ఆ ఒక్క బటన్ దగ్గరే.

"అది వద్దని ముందే చెప్పాను," అన్నాడు ఎల్డార్ నెమ్మదిగా. "ఆ చిన్నపిల్ల సిగ్నె ఏం చదువుతోందో చూశారు కదా?"

చూసింది. చివరి బీరువా వెనక ముడుచుకు కూర్చుని, సిగ్నె రోజూ ఒకటే పుస్తకం చదివేది. ఇంట్లో తాగి కొట్టేవాళ్లున్న పిల్లల కోసం రాసిన పుస్తకం అది. "ఇంటికి తీసుకెళ్లవే. ఎవరికీ చెప్పన్లే," అని బోర్గిల్డే దాని చేతిలో పెట్టింది.

"ఏదో కుతూహలం కొద్దీ చదువుతోంది. టోర్గైర్ లాంటి పెద్దమనిషి కూతురికి ఆ కష్టమేంటి? చర్చిలో ఆయన పాడితే ఊరంతా కళ్లు తుడుచుకుంటుంది!"

"పెద్దమనిషే కావచ్చు. ఆ పిల్ల ఇల్లు మనం చూశామా?"

"చాల్లే. నమ్మకద్రోహివి నువ్వు. ఇక నా గ్రంథాలయం గడప తొక్కకు."

అతను టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

బోర్గిల్డ్ పట్టుదల సామాన్యమైంది కాదు. బెర్గెన్ పట్నం నుంచి ఇంకొకతన్ని పిలిపించి బటన్ పెట్టించింది. అందరికంటే ముందు ఫోన్ చేసి మెచ్చుకున్నది టోర్గైరే.

"భలే పని చేశారండీ బోర్గిల్డ్ గారూ! ఇక మా పిల్ల సంగతి ఇంట్లో కూర్చునే చూసుకుంటాను."

ఆమెకి పోయిన పరువు తిరిగొచ్చినట్టయింది.

ఆ మర్నాడు సిగ్నె బడికి రాలేదు. ఆ వారమంతా రాలేదు. వచ్చిన రోజు స్వెటర్ చేతులు వేళ్లదాకా లాక్కుని, పుస్తకం బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"ఇంకోటి తీసుకోవుటే?"

"వద్దు."

"ఏమైంది తల్లీ?"

"ఎవరికీ చెప్పనన్నారుగా."

"నేనెవరికీ చెప్పలేదే!"

"మీ కంప్యూటర్ చెప్పింది."

బోర్గిల్డ్ పిల్లని దగ్గరికి తీసుకోబోతే, అది విదిలించుకుని పరుగెత్తింది.

ఆ పూటే బోర్గిల్డ్ హెడ్మాస్టర్ దగ్గరికి పరుగెత్తి, పిల్లల సంరక్షణ అధికారులకి కబురు పెట్టించింది. బటన్ తీయించేసింది. ఆ తర్వాత వానలో తడుస్తూ ఎల్డార్ అద్దెకుంటున్న ఇంటి తలుపు కొట్టింది. అతని కాళ్లమీద పడటానికైనా సిద్ధంగానే ఉంది.

తలుపు తీసింది ఇంటావిడ, ముసలి ఓడ్‌నీ.

"ఎల్డార్ ఉన్నాడా పెద్దమ్మా?"

"వెళ్లిపోయాడే. మొన్నటి ఓడలో, పెంచినవాళ్ల ఊరికి."

"పెంచినవాళ్లా? ఎవరు పెంచారు?"

"నిన్ను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీట్లేదే. ఇన్నాళ్లు పక్కన కూర్చోబెట్టుకుని గుర్తుపట్టలేదూ? మన ఊరివాడేనే! తండ్రి తాగొచ్చి చెయ్యి విరగ్గొడితే, సర్కారువాళ్లు తీసుకెళ్లి ఉత్తరాదిలో ఎవరింట్లోనో పెట్టారు. పేరు కూడా అక్కడ మార్చుకున్నదే. చలికాలం ముందు ఆ తండ్రి ముసలాడు పోతే ఇల్లు సర్దడానికొచ్చి, ఆ ఇంట్లో ఉండలేక నా దగ్గర దిగాడు. ఎవరితోనూ అనొద్దని నా దగ్గర ఒట్టేయించుకున్నాడు."

బోర్గిల్డ్ గుమ్మం పట్టుకుంది.

"నీమీద కోపం లేదన్నాడులే," అంది ఓడ్‌నీ. "తెలీక చేసింది పాపం, అన్నాడు."

"నామీద కోపమెందుకు?" అనబోయింది బోర్గిల్డ్. అంతలో గుర్తొచ్చింది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడు, "మీవాడు ఎంత శ్రద్ధగా చదువుతున్నాడో చూడండి" అని మురిసిపోతూ, ఒక పిల్లవాడు దాచుకున్న, సిగ్నె చదివినలాంటి పుస్తకాన్నే తాను తీసుకెళ్లి వాడి తండ్రి చేతిలో పెట్టింది; ఆ పిల్లవాడే ఎల్డార్.