ఆదివారం తొట్టి

గ్లెనిస్ చర్చి నుంచి వచ్చేసరికి తొట్టిలో మళ్ళీ నీళ్ళు లేవు.

ఎవరో బిరడా పీకేశారు. తొమ్మిది పూలకుండీలూ ఖాళీ తొట్టిలో కూర్చుని ఉన్నాయి. ఇలా జరగడం ఇది మూడో ఆదివారం.

లాన్సెస్టన్‌లోని ఆ ఆరు వాటాల భవనానికి బట్టలుతికే గది ఒక్కటే. ఏ రోజు ఎవరిదో తలుపు మీద కాగితం అంటించి ఉంటుంది. ఆదివారం గ్లెనిస్‌ది. ఆ కాగితాన్ని కాదన్నవాళ్ళు ఆ భవనంలో ఇంతవరకూ లేరు.

ఆమె ఆదివారం బట్టలుతకదు. సిమెంటు తొట్టిలో రెండంగుళాల నీళ్ళు పట్టి, ఆఫ్రికన్ వయొలెట్ కుండీలు అందులో దించి చర్చికి వెళుతుంది. ఆ మొక్కలకి పైనుంచి నీళ్ళు పోయకూడదు. నూగాకు మీద చుక్క పడితే మచ్చ పడుతుంది. అందుకని అడుగునుంచే తాగించాలి. అదంతా అమ్మ చెప్పింది. ఎంతసేపు తాగించాలో మాత్రం అమ్మ చెప్పలేదో, ఈవిడే వినలేదో!

అమ్మ పోయాక ఆ కుండీలు గ్లెనిస్‌కి వచ్చి రెండు నెలలైంది. వాటిలో ఒకటంటే అమ్మకి ప్రాణం. తెల్లరేకుకి నీలి అంచు. పేరు కూడా తెలీదు. దాన్ని బతికించుకుని, అమ్మ పేరు మీద ఏప్రిల్ పూలప్రదర్శనలో పెట్టాలని గ్లెనిస్ కోరిక.

నాలుగో ఆదివారం ఆమె ప్రార్థన మధ్యలోనే లేచి వచ్చేసింది.

తొట్టి దగ్గర విలెం నిలబడి ఉన్నాడు. రెండో వాటాలో కొత్తగా దిగిన ముసలాయన. హాలండ్ నుంచి వచ్చి యాభై ఏళ్ళయినా యాస పోలేదు. చేతిలో బిరడా.

"దొరికారా," అంది గ్లెనిస్. "ఇవాళ ఎవరి రోజో తలుపు మీద రాసుంది. చదవడం రాదా?"

"వచ్చమ్మా."

"మరి నా తొట్టితో మీకేం పని?"

"అరగంట దాటింది. ఇంకా నానితే వేళ్ళు కుళ్ళుతాయి."

"ఇవి మా అమ్మ ముప్ఫై ఏళ్ళు పెంచిన మొక్కలు. నాకు మీరు నేర్పక్కర్లేదు."

విలెం తెల్లపువ్వు వంకే చూస్తున్నాడు.

"దీనిది ఒక్క ఆకు ఇస్తారా? గుచ్చుకుంటాను, మొక్కవుతుంది."

"ఓహో, అసలు సంగతి ఇదన్నమాట. ఆకు కాదు, ఈనె కూడా ఇవ్వను."

ఆయన బిరడా ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

గ్లెనిస్ అంతటితో ఊరుకోలేదు. అద్దెలు చూసే ఆఫీసుకి ఫిర్యాదు రాసింది. వాళ్ళు విలెంకి గట్టిగానే ఒక ఉత్తరం పంపారు.

ఆ తర్వాత బిరడా ఎవరూ తీయలేదు. చర్చిలో టీ, స్కోన్ రొట్టెలు, కబుర్లు అన్నీ ముగించుకుని ఆమె మధ్యాహ్నం వచ్చేదాకా కుండీలు నీళ్ళలోనే ఉండేవి.

నెల తిరక్కుండానే విలెం ఆసుపత్రిలో చేరాడు, మరి రాలేదు. ఆయన సామాను కిందికి దింపుతున్నవాళ్ళకి గ్లెనిస్ మెట్ల మీద దారిచ్చి తప్పుకుంది.

అప్పటికే అమ్మ మొక్క వాలిపోయింది. దాహమేమోనని ఇంకో గంట ఎక్కువ నాననిచ్చింది.

ప్రదర్శనకి వారం ఉందనగా, ఏడుపు దిగమింగుకుంటూ కుండీ పట్టుకుని థెల్మా ఇంటికి వెళ్ళింది. థెల్మా ఊళ్ళో వయొలెట్ సంఘానికి కార్యదర్శి.

ఆవిడ మొక్కని పట్టి లాగితే వేళ్ళు లేకుండా పైకొచ్చేసింది.

"ముంచి చంపావు కదే. అరగంటకి నీళ్ళు తీసెయ్యాలని నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారు," అంది గ్లెనిస్. "ఒక్క ఆకైనా బతకదా?"

"అన్నీ మెత్తబడిపోయాయి."

థెల్మా కళ్ళజోడు పెట్టుకుని వాడిపోయిన ఆ పువ్వుని వేళ్ళతో విప్పి చూసింది. చూసి, కుర్చీలో కూలబడింది.

"ఇది నీ దగ్గరికెలా వచ్చింది? లోకంలో ఒక్కటి కూడా మిగల్లేదనుకున్నామే."

"అమ్మ ఎప్పుడో శనివారం సంతలో కొన్నదట. దీని పేరేమిటి?"

"ఫెంకె," అంది థెల్మా. "పోయిన నెల మీ రెండో వాటాలో పోయాడే, ఆ విలెమే ఈ రకాన్ని పుట్టించి, చావుబతుకుల్లో ఉన్న పెళ్ళాం చేతికిచ్చి, ఆవిడ పేరే పెట్టాడు."