చర్చి వెనక బావి

"ఊపిరి పీల్చుకోవే," అంది స్నేహితురాలు లోట్. "ఈ హాల్లో ఇంతవరకూ ఒక్కళ్లూ ఫెయిలవలేదు."

"మొదటిదాన్ని నేనే అవుతానేమో."

"మరీ మంచిది. నీ పేరు గోడ మీద చెక్కిస్తారు."

యోరిన్ నవ్వలేదు. తలుపవతల కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇన్నేళ్ల చదువుకీ అందరి ముందూ జరిగే ఈ ముప్పావుగంట మౌఖిక పరీక్షే ఆఖరి మెట్టు. దాటితే డాక్టరేటు. దాని వెనకే ఈ యూనివర్సిటీలో ఉద్యోగం.

ఆమె పరిశోధన నెదర్లాండ్స్, బెల్జియం సరిహద్దు పల్లెల్లో భూగర్భజలం మీద. నేల కింద నీళ్లు ఒకటే. పైన కొలతలు మాత్రం రెండు రకాలు. ఎత్తు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో ఆ సున్నా ఇటు నెదర్లాండ్స్ వాళ్లది వేరు, అటు బెల్జియం వాళ్లది వేరు. రెండింటికీ నడుమ మనిషి ఎత్తుని మించిన తేడా. బెల్జియం వైపు బావుల కొలతలన్నీ ఆమె ఇటు సున్నాకి మార్చింది. చర్చి వెనక బావి ఒక్కటి మరిచింది.

ఆ సంగతి మొన్ననే కంటబడింది. అప్పటికే థీసిస్ పుస్తకంగా అచ్చయి అందరి చేతుల్లోనూ ఉంది. కూర్చుని మళ్లీ లెక్క కట్టింది. తేలిన ఫలితం మారలేదు. అయినా, సున్నా మరిచావేమని అంతమందిలో ఒకరు అడిగాక, ఫలితం గురించి ఎవరు వింటారు? సరిహద్దు నీళ్లు కొలిచేవాళ్లు సున్నా మరవడమంటే, కంసాలి త్రాసు చూసుకోకుండా బంగారం తూచడమే.

లోట్‌కి కూడా చెప్పలేదు.

తలుపు తెరుచుకుంది.

నల్లగౌన్లలో ప్రొఫెసర్లు వరసగా కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలడుగుతారు. గడువు అయిపోగానే వెండి దండం పట్టుకున్న మనిషి లోపలికొచ్చి, దండంతో నేల మీద కొట్టి, సమయమైందని లాటిన్‌లో అంటాడు. అంతే. ఆ తర్వాత సగం మాట నోట్లో ఉన్నా మింగేయాల్సిందే.

మొదటి ఇద్దరూ తేలిగ్గానే వదిలేశారు. తర్వాత వంతు బెల్జియం నుంచి వచ్చిన డేనింక్‌ది. ఆఖరున ఇక్కడి ప్రొఫెసరే, వీనస్ట్రా. రోజూ పొద్దున కాఫీ దగ్గర యోరిన్ పాత సైకిల్ని వెక్కిరించే మనిషి. ఆవిడ వంతు దాకా నిలబడితే గట్టెక్కినట్టే.

డేనింక్ సన్నగా, పొడుగ్గా ఉన్న ముసలాయన. పుస్తకం తెరిచాడు. నాలుగో అధ్యాయం. బావుల అధ్యాయం.



"మొదటి బావి దగ్గర మొదలుపెడదాం. మూత ఎలా తెరిచారమ్మా?"

"ఇనప కొక్కెంతో, మహాపండితా." ప్రశ్న అడిగేవాళ్లని ఆ హాల్లో అలాగే పిలవాలి.

"తుప్పు పట్టి ఉంటే?"

"నూనె పోశాను."

"ఏ నూనె?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. డేనింక్ నవ్వలేదు.

"సైకిల్ గొలుసుకి వేసేదే, మహాపండితా."

"ఊఁ. రెండో బావి?"

రెండోది అయింది. మూడోది మొదలైంది. ఎవరి పొలం, ఏ గట్టు, ఏ వానకి ఎంత బురద. ఒక్కటీ వదలడం లేదు. బావుల వరసలో చిట్టచివరిది చర్చి వెనకది. పిల్లి ఎలుకని ఆడించినట్టు ఒక్కో బావీ దాటించుకుంటూ తనని అక్కడికే తోలుకుపోతున్నాడని యోరిన్‌కి అర్థమైంది. అడగదలుచుకుంటే ఒక్క దెబ్బకి అడిగి చంపెయ్యొచ్చు కదా!

వీనస్ట్రా పెన్సిల్ తిప్పుతూ, పరీక్ష నడిపిస్తున్న అధ్యక్షుడి వంక చూసింది. ఆయన సన్నగా దగ్గాడు.

"సరిహద్దు దాటి వచ్చిన అతిథి. కానివ్వండి, డేనింక్ గారూ."

డేనింక్ కళ్లద్దాలు తీశాడు. తీరిగ్గా తుడిచాడు. తలుపు వంక చూశాడు. పెట్టుకుని, చదివిన పేజీనే మళ్లీ చదివాడు.

"పాలకేంద్రం పక్క బావి. ఆవులు వచ్చి మూత మీద నిలబడితే ఏం చేసేవారు?"

"అదిలించేదాన్ని."

"కదలకపోతే?"

హాలంతా నవ్వింది. దీని తర్వాతది చర్చి బావే.

"కదిలేదాకా... కాచుకుని కూర్చునేదాన్ని, మహాపండితా."

"మంచిది." ఆయన పేజీ తిప్పాడు. "ఇక, చర్చి—"

తలుపు తెరుచుకుంది. దండం నేలకి తగిలింది. సమయమైంది.

డేనింక్ సగం మాట మింగేసి పుస్తకం మూశాడు.

మరి కాసేపటికి పట్టా యోరిన్ చేతిలో ఉంది. కింది హాల్లో వేయించిన మాంసపు ఉండలు, ఆవముద్ద, ద్రాక్షసారా. కోటు చేతి మీద వేసుకుని డేనింక్ వచ్చాడు. చెయ్యి చాపాడు.

"బావులు బాగా కొలిచారమ్మా. నూనె మాత్రం ఇంకాస్త మంచిది వాడండి."

ఆమె వేళ్ల కొసలు అందించి మొహం తిప్పేసుకుంది. ఆయన తలూపి, రైలు అందుకోవడానికి వెళ్లిపోయాడు.

"ముసలాడికి నీ మీద ఏం పగే?" అంది లోట్.

"ఏమో. ఇంకోసారి నా కంట పడకుంటే చాలు."

వీనస్ట్రా గ్లాసు పట్టుకుని వచ్చింది. యోరిన్ రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది.

"డాక్టర్ గారూ! ఆ పెద్దమనిషి నా వంతు రానిస్తేగా. నాకున్నది ఒక్కటే ప్రశ్న. ఆ చర్చి వెనక బావిని వాళ్ల సున్నాలోనే వదిలేశావు కదూ? అంతమంది ముందు నీ మొహం ఎలా మారుతుందో చూద్దామనుకున్నాను."

యోరిన్ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

వీనస్ట్రా ఒక ఉండని ఆవముద్దలో ముంచి నోట్లో వేసుకుంది.

"నిన్న భోజనాల దగ్గర ఈ ముక్కే డేనింక్‌కి చెప్పానా, ఆయన చెంచా కింద పెట్టేసి, 'మీ దండం మనిషి ఎన్ని నిమిషాలకి వస్తాడు?' అని మాత్రం అడిగాడు."