తేజస్వినికి పర్మనెంట్ అయింది

“కదలొద్దక్కా. చెవికి తగిలిందంటే బొబ్బ లేస్తుంది.”

పార్లర్ మంజు ఆ మాట అనేలోపే చెవి కాలింది. తేజస్విని పళ్లు బిగబట్టింది. కానీ కంపు పళ్లు బిగబడితే ఆగేదా? కుళ్లిన కోడిగుడ్డును ఫినాయిల్‌లో కలిపినట్టు గదంతా ఒకటే కంపు. మెడకు చుట్టిన తుండు నిండా ఎవరివో రంగు మరకలు. దువ్వెన పళ్ల మధ్య ఇంకెవరివో వెంట్రుకలు. హోసూరు బస్టాండు వెనక మేడ మీది పార్లర్ అది. బయట బోర్డు మీద నవ్వే అమ్మాయి, లోపల ఈ రోత!

“ఇంకా ఎంతసేపు మంజూ?”

“మొదటి క్రీము వెంట్రుక లోపలి కట్టు విడగొట్టేసిందక్కా. ఇప్పుడు ఇస్త్రీ పెట్టి లాగుతా ఉన్నాను. రెండో క్రీము పూస్తే లాగింది లాగినట్లే నిలిచిపోతుంది. పర్మనెంట్!”

“మళ్లీ ఉంగరాలు తిరగవు కదా?”

“ఈ వెంట్రుకలు తిరగవు. కుదురులో కొత్తగా మొలిచేది మాత్రం నీ పాతదే. మూడు దినాలు తలకు నీళ్లు తగలకూడదు. జడ వద్దు, క్లిప్పు వద్దు. చెవి వెనక్కి కూడా దోపుకోవద్దు.”

ఆఖరిసారి తల కడిగినప్పుడు తొట్టిలో పచ్చటి నురగ, అందులో ఉండలు ఉండలుగా తన వెంట్రుకలే.

ఈ అవస్థంతా సోమవారం కోసం. మూకండపల్లి దగ్గర ఒక కంపెనీలో ఆమె మూడేళ్లుగా ప్యాకింగ్‌లో కాంట్రాక్టు పని చేస్తోంది. ఎనిమిది గంటలు నిలబడి నిలబడి కాళ్లు వాచిపోతున్నాయి. ఇన్నాళ్లకు రిసెప్షన్‌లో ఒక సీటు ఖాళీ అయింది. కూర్చొని చేసే పని. సోమవారం ఇంటర్వ్యూ.

“నువ్వు బాగా మాట్లాడతావమ్మా, ఇంగ్లీషూ వచ్చు,” అన్నాడు ఆఫీసు గుమాస్తా ఉపేంద్ర, ఆమె తల వంక చూసి మొహం చిట్లిస్తూ. “ఆ కాకిగూడును ఏదో ఒకటి చెయ్. పెద్దవాళ్లు ముందు చూసేది అదే.”

ఛీ! తలలో ఏముందో అక్కర్లేదు, తల మీద ఏముందో కావాలి వీళ్లకు. కడుపు మండినా పార్లర్ దారి పట్టింది. పట్టక ఏం చేస్తుంది?

రెండో రోజుకే తల జిడ్డు కారింది. మాడు మంట. ప్యాకింగ్ టోపీ తీయగానే పక్కనున్న అమ్మాయిలు ముక్కులు మూసుకున్నారు. రూములో కలిసి ఉండే చిన్నాన్న కూతురు రక్షిత అయితే చాప చుట్టుకొని వరండాలోకి పోయింది.

“అక్కా, నీ పక్కన పడుకుంటే నాకు తిన్నది నిలవదు!”

“సోమవారం వరకు ఓర్చుకోవే తల్లీ.”

“నేను రేపు ఊరికి పోయొస్తా. ఆ కంపు పోయినాకే వస్తా.”

రక్షిత అన్నంత పనీ చేసింది. శనివారం మధ్యాహ్నం కెలమంగలం నుంచి అమ్మ జయలక్ష్మమ్మ ఫోను.

“ఏమే తేజా, పర్మనెంట్ అయిందంట! రక్షిత బస్టాండులో కనిపించి చెప్పింది.”

తేజస్విని చెయ్యి జుట్టు మీదికి పోయింది. ఆ ఉంగరాల జుట్టుకు వారం వారం నూనె పెట్టి పెంచింది అమ్మే.

“నేనే చెప్పుదామనుకున్నా మా... కోపమా?”

“కోపమేందే పిచ్చిదానా! మూడేండ్లుగా నేను మొక్కని దేవుడు లేడు. రేపు తలకు పోసుకోని తయారుగా ఉండు. నేనూ మీ నాయనా వస్తాము. మునేశ్వరుని గుడికి పోదాం.”

తేజస్వినికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. తన జుట్టు మీద అమ్మకు కూడా ఇంత కసి ఉందని ఇన్నేళ్లూ తెలియనే తెలియదు.

ఆదివారం మూడుసార్లు షాంపూ పెట్టినా కంపు పూర్తిగా వదల్లేదు. అమ్మ వచ్చీ రాగానే దగ్గరికి తీసుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“అబ్బా! ఏం కంపే ఇది!”

“పర్మనెంట్ అంటే అంతే మా. కొన్నాళ్లు ఉంటుంది.”

“ఉండనీలే. మీ నాయన దగ్గర పట్టుపురుగుల కంపు లేదా? పని అన్నాక కంపు ఉండదా?” తల నిమిరి నవ్వింది. “ఏందే, ఇస్త్రీ చేసినట్ల పడిపోయినాయి! పోనీలే, ఇంక ఎట్లుంటే ఏమి.”

అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు తేజస్విని పొంగిపోయింది. దారి పొడుగునా బస్సు కిటికీ పక్కన కూర్చొని, గాలికి ఎగిరే వెంట్రుకలను మాటిమాటికీ తడుముకుంది. రేపు ఉపేంద్ర మొహం ఎట్లుంటుందో చూడాలి!

గుడి దగ్గర అమ్మ ఎటో పోయి, మంగలి హనుమంతయ్యను వెంటబెట్టుకొని వచ్చింది. అతని చెంబులో నీళ్లు మురికిగా ఉన్నాయి. గోళ్లలో నల్లటి మట్టి. తేజస్విని మొహం తిప్పుకుంది.

“నాయనా, గుండు నీకా?”

నాయన చౌడప్ప తలపాగా తీసి బట్టతల చూపించాడు. “నాకు యాడుండాదే వెంట్రుక?”

అమ్మ ఆమె భుజం పట్టుకొని రాతి మీద కూర్చోబెట్టింది. హనుమంతయ్య ఆ మురికి నీళ్లు దోసిలితో ఆమె నడినెత్తిన చల్లాడు.

“అమ్మా, నాకెందుకు! రేపు ఇంటర్వ్యూ ఉండాది!”

“ఇంకా ఇంటర్వ్యూ ఏందే?” జయలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంటూ చేతులు జోడించింది.

“కంపెనీలో నువ్వు పర్మనెంట్ అయితే నీకు గుండు కొట్టిస్తానని మొక్కుకున్నాను కదే!”