జంగప్ప జాగ

"జంగప్పా, నీ వంతొచ్చింది. లోపలికి పో," అన్నాడు అజమత్ కిటికీలోంచి.

జంగప్ప కదలలేదు.

పక్కన గోడకు ఆనుకుని దగ్గుతున్న ఒకామెను చెయ్యి పట్టి ముందుకు తెచ్చాడు.

"నా జాగ ఈమెకియ్యి సారూ. పేరు శాంతవ్వ. నన్ను మల్ల ఆఖరుకు రాస్కో."

"నీకేమైతది?"

"చెల్లె."

అది 1988. వికారాబాద్‌లో ఒక ధర్మసంస్థ నడిపే చిన్న ఛాతీ దవాఖాన. ఉన్న మంచాలు కొద్ది. తాండూరు బండల గనుల్లో దుమ్ము మింగినవాళ్లు, యాలాల్, బషీరాబాద్ పల్లెల నుంచి నెత్తురు కక్కుతూ వచ్చేవాళ్లు చాలామంది. ముందు పేరు రాయించుకున్నవాళ్లకు ముందు మంచం. అదొక్కటే నియమం.

ఎవరో దాత దవాఖానకు ఒక కంప్యూటర్ ఇచ్చాడు. హైదరాబాద్‌లో 'సీ' అనే కంప్యూటర్ భాష నేర్చుకుని వచ్చిన అజమత్‌కు ఆ పేర్ల వరుసను చూసే పని దొరికింది.

మొదట అతను రాసిన ప్రోగ్రాములో ముందే అనుకున్నన్ని పేర్లకే చోటుండేది. అది నిండితే వచ్చినవాళ్లను వాపసు పంపాల్సిందే. మధ్యలో ఒకరిని చేర్చాలంటే వెనకున్న పేర్లన్నీ ఒక్కొక్కటిగా జరపాలి.

వాపసు పోయినవాళ్లలో కొందరు మళ్లీ రాలేదు.

అజమత్ ఆ ప్రోగ్రామును పక్కన పెట్టి కొత్తది రాశాడు. ఇప్పుడు మనిషి వచ్చినప్పుడల్లా అది యంత్రాన్ని ఒక్క మనిషికి సరిపడా చోటు అడుగుతుంది. ఆ చోట్లో అతని పేరుంటుంది, అతని వెనకున్న మనిషి పేరు యంత్రంలో ఎక్కడుందో ఆ చిరునామా ఉంటుంది. ఒకరిని పట్టుకుని ఒకరు, గొలుసులాగా. మధ్యలో ఎవరిని చేర్చాలన్నా రెండు చిరునామాలు మారిస్తే చాలు.

అట్లాగే శాంతవ్వను ముందు చేర్చి, జంగప్పను చివర తగిలించాడు.

కొన్ని వారాలకు జంగప్ప వంతు మళ్లీ వచ్చింది. ఈసారి వెంట ఒక ముసలాయన.

"నా జాగ ఈయనకియ్యి సారూ. చిన్నాయనైతడు."

అజమత్ చిరునామాలు మార్చాడు.

మూడోసారి జంగప్ప వెంట బుర్ఖాలో ఒక పిల్ల వచ్చింది. నిలబడలేక మెట్ల మీద కూలబడింది.

"పేరు?"

"జులేఖా."

"నీకేమైతది?"

జంగప్ప కొంచెం తడబడ్డాడు. "బిడ్డ సారూ."

అజమత్ అతని మొహంలోకి చూశాడు. జులేఖాను చేర్చాడు, జంగప్పను చివరికి పంపాడు.

ఆ పొద్దు ఇంకా చాలామంది పేర్లు రాయించుకున్నారు. కిటికీ దగ్గర ఒకతను వంగి చెప్పాడు.

"సారూ, ఆ జంగప్ప బ్రోకర్. జాగలు అమ్ముకుంటుండు. లేకుంటే తుర్కల పిల్ల వానికి బిడ్డెట్లైతది?"

అజమత్‌కు ఒళ్లు మండింది. మంచం దొరక్క మనుషులు పోతుంటే వీడికి ఇదొక దందా.

వరుసలో జంగప్ప పేరు వెతికాడు. దాని ముందున్న పేరుకు, వెనకున్న పేరు చిరునామా ఇచ్చాడు. జంగప్ప చోటును యంత్రానికి తిరిగిచ్చేశాడు.

గొలుసు ఎక్కడా తెగలేదు. అక్కడ ఒక మనిషి ఉండేవాడన్న ఆనవాలు కూడా మిగల్లేదు.

వానలు మొదలైనంక జంగప్ప వచ్చాడు. ఒక్కడే.

"ఈసారి ఎవ్వలు దొర్కలేదా?" అన్నాడు అజమత్.

"ఒక్కన్నే వచ్చిన సారూ. నా పేరు జర చూడుర్రి."

"లేదు. తీసేసిన."

జంగప్ప కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

"మల్ల ఆఖరుకు రాస్కుంటరా?"

"రాయను. నీ అసొంటోళ్లకు ఈడ జాగ లేదు. పో."

జంగప్ప చువ్వ వదిలాడు.

"మంచిది సారూ," అని మెల్లగా మెట్లు దిగి, వానలోనే స్టేషన్ వైపు పోయాడు.

దసరా ముందు శాంతవ్వ మందులకు వచ్చింది. మనిషి తేరుకుంది. కళ్లు మాత్రం ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"ఏమైంది?" అన్నాడు అజమత్.

"నిన్న జంగప్పన్నను చూడనీకి యాలాల్ పోయిన సారూ. ఆయన లేడు. మట్టి చేసిండ్రంట."

"నీ అన్నకు మట్టి చేస్తే నీకు తెల్వదా?"

"తోడబుట్టినోడు కాదు సారూ. నేనెవ్వలో ఆయనకు తెల్వనే తెల్వదు. రైల్ల నా నోట్ల నెత్తురు చూసి, చెయ్యి వట్టి ఈడికి తోల్కొచ్చిండు."

అజమత్ కుర్చీలోంచి లేచాడు.

"నీ దగ్గరేం తీస్కున్నడు?"

"నా దగ్గరేముంది సారూ తీస్కోనికి? తన గొంగడి తీసి నాకే కప్పిండు."

మందుల గిన్నె పట్టుకుని అటుగా వచ్చిన నర్సు ఇంద్రమ్మ ఆ మాటలు విని ఆగిపోయింది.

"పోయిండా? నీ జాగ ఇయ్యకుమని ఎన్నిమార్లు తిట్టిననో. 'నాకన్న ఆళ్లకే అక్కరున్నది సిస్టరమ్మా, ఆళ్లు బతకాలె' అనెటోడు."

"సిస్టర్, ఆయనకు రోగమున్నదా?" అన్నాడు అజమత్.

ఇంద్రమ్మ అతని వైపు వింతగా చూసింది.

"నీకు తెల్సనుకున్న అజమత్. డాక్టర్ సాబ్ మొదటి దినమే ఆయనకు చెప్పిండు, 'ఈ లైన్ల అందరికన్న ముందు మంచమెక్కాల్సింది నువ్వే' అని."